బాతు నీళ్ళలో ఉంది

"బాతు నీళ్ళలో ఉంది" అంటే చాలు, మా ఇంట్లో ఎవరూ బాత్రూము తలుపు తట్టరు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో గడియ పెట్టుకుని ఓ అరగంట కూర్చోగలగడం ఇదే మొదలు, అదీ ఒక కుంటి బాతు పుణ్యమా అని.

బాతులు మా మామగారి సరదా. రిటైరయ్యాక పెరట్లో ఏదో ఒకటి తిరుగుతుంటే బాగుంటుందని నాలుగు పిల్లల్ని తెచ్చారు. తేవడం ఆయన వంతు, చూసి మురిసిపోవడం ఇంటిల్లిపాది వంతు, కడగడం నా వంతు. బాతులకి వేరే మేత ఉంటుందేమో కనుక్కోండి అని మా ఆయనకి చెప్పాను. "కోడి తినేది బాతు తినదా? అన్నీ నీకే తెలిసినట్టు," అన్నాడు. కోళ్ళ మేత బస్తా దిగింది. బాతులకి ఒళ్ళు పెరిగింది గానీ కాళ్ళకి బలం రాలేదు. ఒక రోజు పొద్దున్నే తెల్లది లేవబోయి లేవలేక, పొట్ట మీద ఈడ్చుకుంటూ నీళ్ళ గిన్నె దాకా వచ్చింది.

పశువుల డాక్టరమ్మ దాన్ని కాళ్ళు పట్టి కాకుండా పొట్ట కింద రెండు చేతులూ పెట్టి ఎత్తింది. కోళ్ళ మేతలో బాతు కాళ్ళకి కావలసిన విటమిను చాలదట. మేతలో కలపమని ఈస్టు పొడి రాసిచ్చింది, కింద మెత్తగా గడ్డి పరవమంది. "రోజూ అరగంట గోరువెచ్చటి నీళ్ళలో తేలనివ్వండి. ఒంటి బరువు నీళ్ళే మోస్తాయి, కాళ్ళు వాటంతటవే ఆడతాయి. పక్కన ఒక మనిషి ఉండాలి. చప్పుడు మాత్రం చెయ్యొద్దు, బెదిరిపోతుంది," అంది. మామగారు ఇంటికొచ్చి అందరికీ గట్టిగా చెప్పారు. "కోడలు బాతుతో లోపలున్నప్పుడు ఎవరూ తలుపు తట్టకండి."

తట్టలేదు. అదే నాకు ఒళ్ళు మండించింది. తట్టకుండా ఉండటం వీళ్ళకి చేతనవునన్నమాట.

అంతకుముందు నేను స్నానానికి వెళ్తే రెండో చెంబు పోసుకునేలోపే ఎవరో ఒకరు తయారు. "అమ్మా, నా నీలం చొక్కా ఎక్కడ?" అని కొడుకు, చొక్కా వాడి కుర్చీ మీదే ఉంటుంది. "పాలు పొంగుతున్నాయే," అని అత్తగారు, స్టవ్వు పక్కనే నిలబడి. ఆడవాళ్ళకి అంతసేపు స్నానమేమిటో తామెరగమని కూడా అంటుంది. నిజంగానే ఎరగదు పాపం, ఆవిణ్ణి మాత్రం ఎవరు వదిలారు అరగంట. ఆఫీసులో వాష్‌రూంకి వెళ్ళొస్తే మేనేజరు, "ఏంటి మేడం, అక్కడే కాపురం పెట్టేశారా?" అని పదిమందిలో నవ్వుతాడు. ఇవన్నీ దులిపేసుకున్నాను. ఒక్కటి మాత్రం దులిపినా పోలేదు. మా నాన్న పోయిన కొత్తలో, కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడుస్తుంటే మా ఆయన తలుపు కొట్టాడు. "తర్వాత ఏడుద్దువుగాని, ముందు నా రేజరు అందించు. టైమవుతోంది." తలుపు ఓరగా తీసి, చెయ్యి బయటికి పెట్టి ఇచ్చాను. ఆయన మీద కన్నా ఆ చెయ్యి మీదే నాకు ఎక్కువ కోపం.

ఇప్పుడు ప్లాస్టిక్ తొట్టిలో బాతు తేలుతుంటే, పక్కన పీట వేసుకుని కూర్చుంటాను. మొదట్లో దాని కాళ్ళు తడిగుడ్డల్లా వేలాడేవి. తర్వాత ఒకటి కదిలింది, తర్వాత రెండోది. ఆ తలుపు వెనకే మా నాన్న కోసం పూర్తిగా ఏడ్చాను. బాతు నన్నేమీ అడగలేదు.

నిన్న అది తొట్టి అడుగున రెండు పాదాలూ ఆనించి నిలబడింది. సంతోషించాల్సింది పోయి, నా అరగంట పోతోందే అని దిగులుపడ్డాను. ఇంకా కుంటుతోందని చెబుదామా అనుకున్నాను. మేతలో ఈస్టు పొడి కలపడం మానేస్తే ఎవరికి తెలుస్తుంది, అని కూడా అనుకున్నాను. అరగంట కోసం ఒక నోరులేని జీవి కుంటుతూనే ఉండాలని కోరుకునే మనిషిగా తయారు చేశారు నన్ను. రాత్రంతా పళ్ళు నూరుకున్నాను.

ఈ పొద్దున బాతుని పెరట్లో వదిలాను. తూలుతూనే మిగతావాటిలో కలిసిపోయింది. మామగారు చప్పట్లు కొట్టారు. "చూశావా, మన మేత తినే లేచింది," అన్నాడు మా ఆయన. బాత్రూములోంచి ఆయన రేజరు, సబ్బు, తువ్వాలు, కొడుకు దువ్వెన, అత్తగారి నూనె సీసా అన్నీ తెచ్చి గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టాను. పాలు దించేశాను. తొట్టి కడిగి, నిండా వేణ్ణీళ్ళు పట్టుకుని గడియ పెట్టాను.

నీళ్ళలో కాళ్ళు పెట్టానో లేదో తలుపు మీద దబదబా చప్పుడు.

"ఏమే, బాతు పెరట్లోనే ఉందిగా," అన్నాడు మా ఆయన. "మరి లోపల ఎవరున్నారు?"

"నేనున్నాను," అన్నాను.