నీటికి దారి

కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో నాకో కంప్యూటర్ రిపేరు కొట్టుంది. అక్కడికి వచ్చేవాళ్లు బిల్లు కన్నా నా నోటికే ఎక్కువ భయపడతారు. హార్డ్ డిస్క్ పోయిందని ఎవరైనా మొహం వేలాడేసుకుని వస్తే, "హార్డే కదా పోయింది, హార్టుంది కదా!" అని వీధి చివరికి వినపడేలా అంటాను. ఈ నోటిని ఆరేళ్లు భరించిన మెకానిక్కు వెంకీ. భావనపాడు వాడు. వాళ్ల నాన్న పోతురాజు అక్కడే ఐసు షెడ్డులో చేపలు పెట్టెలకెత్తే పని చేస్తాడు. వెంకీ నన్ను మావా అంటాడు కాబట్టి పోతురాజు నాకు బావ. అంతకు మించిన చుట్టరికం ఏమీ లేదు.

ఇరవై ఏడో ఏట వెంకీకి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. మా వైపు ఈ జబ్బు ఇంటింటికీ తెలుసు. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఏమనాలో తెలియక, "నీ కిడ్నీల్ని ఎవడో కిడ్నాప్ చేశాడ్రా" అన్నాను.

"మరి ఇంకా ఫోన్ సెయ్యడేటి మావా ఆడు?" అన్నాడు.

రోజుకి అర లీటరు మించి నీళ్లు తాగకూడదన్నారు డాక్టర్లు. దాహం ఆగకపోతే చిన్న ఐసు ముక్క బుగ్గన పెట్టుకునేవాడు. దాన్ని నమలకుండా, పలకకుండా కళ్లు మూసుకుని కరిగించుకునేవాడు. ఆ నిమిషం పాటు నేను కూడా జోకులు మానేసేవాణ్ణి.

వాడికి ఒకే ఒక్క కోరిక మిగిలింది. గ్రాఫిక్స్ కార్డని కంప్యూటర్లో బొమ్మల్ని పరిగెత్తించే పలక ఒకటుంటుంది. కంపెనీ చెప్పిన వేగాన్ని మించి దాన్ని తోలితే వేడెక్కి చచ్చిపోతుంది. సున్నాకి వంద డిగ్రీలు కిందకి దింపి చల్లబరిస్తే తట్టుకుంటుంది. ప్రపంచంలో కొందరికి ఇదే పిచ్చి. ద్రవ నైట్రోజన్ పోసి, కార్డుని పరుగు పెట్టించి, వచ్చిన మార్కుల్ని ఫొటోతో సహా ఒక వెబ్‌సైట్‌లో పెడతారు. వెంకీ దగ్గరున్న పాత రకం కార్డుకి ఆ మే నెలాఖరుతో పోటీ ముగుస్తోంది. మొదటి ఇరవై మంది పేర్లూ ఆ పట్టికలో ఎప్పటికీ ఉండిపోతాయి.

"ఆసుపత్రి డయాలసిస్ లిస్టులో నా పేరు పదకొండోది మావా. ఇంకో లిస్టులో కూడా ఉండాల" అన్నాడు.

కావలసినవి సమకూర్చే పని నేను తీసుకున్నాను. కార్డు మీద కూర్చోబెట్టి నైట్రోజన్ పోయడానికి రాగి గిన్నె ఒకటి బుడితి కంచరుల దగ్గర పోయించాను. నైట్రోజనేమో జోగయ్య ఇస్తానన్నాడు. పశువులకి సూదితో కడుపు చేయించే ఉద్యోగం అతనిది. కోడె విత్తనం పాడవకుండా ఉంచే క్యానులో ఉండేది ఆ నైట్రోజనే. కొత్త క్యాను వస్తే పాతదాంట్లో మిగిలింది ఎలాగూ గాలిలో కలిసిపోతుందట. "ఆవులకి దూడలు, మా వాడికి మార్కులు!" అన్నాను.

చలితో చిక్కు లేదు. చిక్కంతా చెమటతోనే. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి బయట పెడితే ఒళ్లంతా బొట్లు పట్టినట్టే కార్డుకీ పడతాయి. మాదేమో సముద్రపు గాలి, పైగా మే నెల. ఒక్క బొట్టు చేరకూడని చోట చేరితే కార్డు అక్కడికక్కడే పోతుంది. అందుకని వెంకీ పది రోజులు దానికి సేవ చేశాడు. ముందు నెయిల్ పాలిష్, దాని మీద వేజలైను, సందుల్లో మెత్తటి రబ్బరు ముద్ద, ఆ పైన ఏసీ గొట్టాలకి చుట్టే నల్ల ఫోము. ఎక్కడా గాలి దూరకూడదు. గాలి దూరిందంటే తేమ దూరినట్టే.

"గోళ్ల రంగేమిటి, ఆ పూతలేమిటి? పెళ్లికూతుర్ని చేస్తున్నావా దీన్ని?"

"పెళ్లికూతురే మావా. సెమట పట్టకూడదు."

ఫోము అంచు వేలితో నొక్కుతూ మళ్లీ అన్నాడు. "నీళ్లు నాకూ పడవు, దీనికీ పడవు."

శనివారం పరుగు పెట్టాలనుకున్నాం. శుక్రవారం డయాలసిస్ నుంచి వచ్చేసరికి వాడి ఒంట్లో సత్తువ లేదు. కత్తెర పట్టలేకపోయాడు. కార్డు కింది వైపు ఫోము ఒక్కటే మిగిలింది. వెంట వచ్చిన పోతురాజు ఆ కత్తెర అందుకున్నాడు.

"నానున్నాను కదేటి. ముప్పయ్యేళ్లయి ఐసు పెట్టిలు కడతన్నాను. నువ్వు ఆ మంచమ్మీద తొంగోరా."

నేను ప్రింటరు రిపేరుకని బజారులోకి వెళ్లి వచ్చేసరికి పని పూర్తయింది. వెంకీ చేసిన దానికన్నా నున్నగా, బిగువుగా ఉంది. కింది భాగం బల్లకి ఆనుకుని ఉంది. తిప్పి చూడలేదు.

"బావా, నువ్వు ఇంజినీరువి కాదు, ఐసునీరువి!" అన్నాను. పోతురాజు సిగ్గుపడుతూ నవ్వాడు. మంచం మీంచి వెంకీ కూడా నవ్వాడు.

శనివారం మధ్యాహ్నం షట్టరు సగం దించాం. పోతురాజు ఐసు ఫ్లాస్కుతో కొడుకు పక్కన కూర్చున్నాడు. జోగయ్య గరిటెతో నైట్రోజన్ పోస్తుంటే రాగి గిన్నెలోంచి తెల్లటి పొగ పొర్లి కాళ్ల మీదకి దిగింది. మీటరు మైనస్ తొంభై దాటింది, వంద దాటింది. పరీక్ష నాలుగు భాగాలు. మొదటిది అయింది. రెండోదీ అయింది.

"ఎన్నోదిరా?"

"ఇలాగే ఎల్తే పద్దెనిమిదో పేరు నాదే మావా." వాడి గొంతులో అంత బలం నేను విని ఏడాది అయింది.

మూడో భాగం సగంలో తెర మీద రంగు చారలు పడ్డాయి. తర్వాత తెర నల్లబడిపోయింది. మూడుసార్లు మళ్లీ ఆన్ చేశాం. మూడోసారి కాలిన వాసన వచ్చింది.

కార్డు బయటికి తీసి తిప్పాను. కింది ఫోము నడుమ పెన్సిలు దూరేంత కన్నం ఉంది. చిరుగు కాదు. కాల్చిన చువ్వతో గుండ్రంగా, శ్రద్ధగా పెట్టిన కన్నం. దాని చుట్టూ కార్డు మీద తెల్లటి మంచు పేరుకుని, నా వేళ్ల వేడికి నీరవుతోంది.

"మనోడు అంతా మూసీసినాడు బావా. నాను సూసుకున్నాను కాబట్టి సరిపోయినాది" అన్నాడు పోతురాజు నా భుజం మీంచి చూస్తూ. "కింద కన్నం లేని పెట్టిలో సేప నిలుస్తాదేటి? నీరు పోడానికి దారుండాల. లేపోతే కుళ్లిపోద్ది."

ముప్పయ్యేళ్లలో ఒక్క పెట్టెకి కూడా ఆ దారి పెట్టడం మరిచిపోని మనిషి. కొడుకు పెట్టెకి మాత్రం మరిచిపోతాడా? ఐసు పెట్టెలో పుట్టిన నీరు బయటికి పోవాలి. ఇక్కడ నీరు పుట్టనే కూడదు. ఆ దారిలో నీరు బయటికి పోలేదు, సముద్రపు గాలి లోపలికి వచ్చింది.

కన్న తండ్రి, కన్నం అని నాలుక చివరికి వచ్చింది. వచ్చిన జోకుని మింగేయడం నా జన్మలో అదే మొదటిసారి.

వెంకీ కార్డు అందుకుని ఆ కన్నాన్ని చాలాసేపు చూశాడు. బొటనవేలితో దాని అంచు తడిమాడు. జోగయ్య ఏదో అనబోతే కళ్లతోనే ఆపాడు.

"నువ్వెట్టబట్టే ఇంతసేపైనా ఆగినాది నాన్నా. లేపోతే మొదట్లోనే పోయీది."

"మరేటైనాది దానికి?"

"పాత కార్డు కదా. దాని ఓపిక అంతే."

పోతురాజు తలూపాడు. కొడుకు తల నిమిరాడు.

"ఐసు ముక్కుంటే ఇయ్యి నాన్నా" అన్నాడు వెంకీ. పోతురాజు ఫ్లాస్కు మూత తీసి, ఉన్నవాటిలో చిన్నది వెతికి ఇచ్చాడు. వెంకీ కళ్లు మూసుకుని బుగ్గన పెట్టుకున్నాడు.

ఆ రకం కార్డు ఇంకొకటి నాకు దొరికింది, సెప్టెంబరులో. పోటీ ఎప్పుడో ముగిసిపోయింది. ఆగస్టులోనే ఆసుపత్రి డయాలసిస్ లిస్టులో పదకొండో చోట వెంకీ పేరు పోయి ఇంకొకరి పేరు వచ్చింది.

మొన్న భావనపాడు వెళ్లాను. ఐసు షెడ్డులో, తడి తగలనంత ఎత్తున, గోడకి మేకు కొట్టి కొడుకు కాలిపోయిన కార్డుని వేలాడదీశాడు పోతురాజు. కొత్తగా పనిలో చేరినవాళ్లకి ఖాళీ పెట్టె బోర్లించి, కాల్చిన చువ్వతో కన్నం ఎలా పెట్టాలో చూపిస్తున్నాడు.

"మావోడి మిషను కూడా ఈ కన్నం వల్లే అంతసేపు ఆగినాది. ఆడే సెప్పినాడు. కాదేటి బావా?"

అందరూ నా వైపు చూశారు. పక్కన పేర్చిన పెట్టెల కిందనుంచి కారుతున్న చల్లటి నీరు నా చెప్పుల్లోకి వచ్చింది.

"అవును బావా" అన్నాను.