ఖాళీ గడి

బల్ల మీద పరిచిన తెల్లగుడ్డను సారయ్య మూడోసారి లాగి సవరించాడు. అంచులన్నీ ఒకే ఎత్తులో వేలాడేదాకా ఆయన చెయ్యి ఊరుకోదు. ఆ తర్వాత కుర్చీలు. ముప్పై రెండు ప్లాస్టిక్ కుర్చీలను నాలుగు వరుసలుగా వేసి, ఒక కన్ను మూసి చివరి నుంచి చూసి, వంకరగా ఉన్నదాన్ని మోకాలితో నెట్టాడు. టీ ఫ్లాస్కు, కాగితపు కప్పులు, హాజరు పుస్తకం బల్ల మీదికి చేరాయి. సిద్దిపేటలో మాజీ సైనికుల సంఘం భవనానికి పదకొండేళ్లుగా తాళం తీసేదీ వేసేదీ ఆయనే. సంఘంలో సభ్యుడు కూడా. హవల్దారుగా రిటైరై వచ్చాడు. అయినా సమావేశంలో కుర్చీలో కూర్చోవడం ఆయనకు అలవాటు కాలేదు. గోడకు ఆనుకుని నిలబడతాడు. ఎవరికి దాహమైనా వాళ్లకంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

అరవై నాలుగేళ్ల మనిషి. సన్నటి ఒళ్లు, ఎడమ భుజం కుడిదానికంటే కాస్త కిందికి. ప్యాంటు మడత మీద వేలు పెడితే తెగుతుందేమో అన్నట్టుంటుంది. వేళ్ల కొసలు మాత్రం నున్నగా అరిగిపోయాయి. రేషన్ షాపు మిషన్ మీద వేలిముద్ర పడదు. ప్రతి నెలా అదే తంటా. "ఏం పని జేసినవే, గీతలే లేవు" అని డీలరు అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

ఆయన చేతిరాత గుండ్రంగా ఉంటుందని సభ్యత్వ కార్డులు ఆయన చేతే రాయిస్తారు. ఈరోజు సమావేశానికి కారణం అలా ఆయన రాసిన కార్డే.

పోయిన నెల ప్రమీలాదేవి అనే ఆమె దరఖాస్తు పంపింది. మిలిటరీ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి, కెప్టెన్ హోదాతో బయటికి వచ్చి, ఈ మధ్యే గజ్వేల్ నుంచి సిద్దిపేటకు మారింది. సంఘంలో చేరుతున్న తొలి మహిళ. కార్డు మీద రెండే వరుసలు అచ్చయి ఉన్నాయి: మాజీ సైనికుడు, మాజీ సైనికుని భార్య. సారయ్య కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి రెండోదాని ఎదుట టిక్కు పెట్టి, ఆమె కాగితాల్లో ఉన్న భర్త పేరు వెతికి రాశాడు. వారం తిరక్కుండానే కార్డు వెనక్కి వచ్చింది. దాని వెనక ఒక్క ముక్క రాసి ఉంది. "మా ఆయన బడిల లెక్కలు చెప్తడు. మిల్ట్రీల చేసింది నేను."

పదకొండు గంటలకు ఆమె వచ్చింది. నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకున్న పొడవాటి మనిషి. సారయ్య గుమ్మం దగ్గరే ఎదురెళ్లాడు.

"అది నేనే రాసిన మేడం. తప్పైంది."

"మీరేం జేస్తరన్నా," అందామె. "రాద్దామంటే కార్డుల జాగనే లేదాయె."

అధ్యక్షుడు ఓంప్రకాశ్, సుబేదారుగా రిటైరైనవాడు, సమావేశం మొదలుపెట్టాడు. "పెద్ద ముచ్చటేం లేదు. సైనికురాలు అని ఇంకో వరుస అచ్చేయిద్దాం, అయిపాయె."

"మరి ర్యాంకులు?" వెనక వరుసలోంచి ఎవరో అందుకున్నారు. "ఆడామె హవల్దారైతే హవల్దారమ్మ అనాల్నా?"

నవ్వులు లేచాయి. ప్రమీలాదేవి కూడా నవ్వింది. అవి సద్దుమణిగాక మెల్లగా చెప్పింది. "నా భుజం మీద మూడు చుక్కలుండె. మొగోళ్లకు వేరే, ఆడోళ్లకు వేరే కుట్టియ్యలే. కెప్టెనంటే కెప్టెనే. దానికి తోక అక్కర్లేదు."

ముందు వరుసలో ముత్తయ్య కదిలాడు. మోకాలికి దెబ్బ తగిలి కర్ర పట్టుకుని నడిచే మనిషి. ఆయన నవ్వలేదు. "నేను రైఫిల్‌మన్‌గ చేరిన మేడం. గా మాట కోసం మోకాలు పోగొట్టుకున్న. ఇప్పుడు ఆడోళ్లు వచ్చిన్రని నా పేరు మార్చుకోవాల్నా?"

"మీ పేరు ఎవ్వరు తియ్యరు," అందామె. "మీది తియ్యమంటలేను. నాకొకటి రాయుమంటున్న."

ఓంప్రకాశ్ గొంతు సవరించుకుని, ర్యాంకులు ఉన్నవి ఉన్నట్టే అందరికీ ఉంటాయని తేల్చాడు. తర్వాత కార్డు వెనక 'పని' అన్న గడి పక్కన అచ్చయిన జాబితా చదివాడు. "రైఫిల్‌మన్, సిగ్నల్‌మన్, వాషర్‌మన్... అన్నిట్ల చివర 'మన్' అనే ఉన్నది, అంటే మొగోడని. వీటినేం జేద్దాం?"

"వాషర్‌మన్ అయితే కొట్టెయ్యి సాబ్," అన్నాడు ముత్తయ్య. "మన దాంట్ల ధోబీలెవ్వలున్నరు? అందరం తుపాకి వట్టినోళ్లమే."

ఓంప్రకాశ్ ఎర్ర కలం తీశాడు.

గోడ దగ్గర సారయ్య చేతిలో ట్రే ఉంది. ఆయన చూపు ఆ కలం మొనను వదల్లేదు.

నారాయణరావుపేటలో ఆయన తల్లి ఐలవ్వ ఊరందరి మైల మూటలు చెరువుకు మోసింది. నెత్తుటి మరకకు చన్నీళ్లే పట్టాలని, కాలరు రాయికేసి బాదకుండా వేళ్లతోనే నలపాలని, గంజి ఎంత పలచనుండాలని ఏడేళ్లప్పుడే కొడుక్కి నేర్పింది. కానీ వాడు మిలిటరీ భర్తీకి పోతానన్నప్పుడు మూట దించి కళ్లు తుడుచుకుంది. "గీ మూట నాతోనే పోవాలె బిడ్డా" అంది. సారయ్య ఎంపికయ్యాడు. కాగితంలో రాసిన పని వాషర్‌మన్. కవాతు చేశాడు, తుపాకి కాల్చడం నేర్చుకున్నాడు, మంచులో కాపలా కాశాడు. కానీ తెల్లవారితే మళ్లీ బట్టల సోడా కలిపిన నీళ్లు, ఎవరివో యూనిఫారాలు. ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఒక్కదానిలోనూ ఆ సంగతి లేదు. "మావోడు తుపాకి వట్టిండు" అని వాడకట్టంతా చెప్పుకుంటూనే ఐలవ్వ పోయింది. ఆమెకే చెప్పనిది ఇంకెవరికి చెప్తాడు? అడిగినవాళ్లకు స్టోర్లో పనిచేశానన్నాడు. పదకొండేళ్లుగా సంఘంలో అందరి కార్డులూ నింపినవాడు, తన కార్డులో ఆ గడి మాత్రం ఖాళీగా వదిలేశాడు.

"కొట్టెయ్యకున్రి సాబ్," అన్నాడు సారయ్య.

అందరూ వెనక్కి తిరిగారు. ఆ గోడ దగ్గరి నుంచి మాట రావడం వాళ్లు ఎన్నడూ వినలేదు.

"నేనున్న. పందొమ్మిదేండ్లు ఉతికిన. స్టోర్ల చేసిన అని మీకందరికి అబద్ధం చెప్పిన. గా మాట కొట్టేస్తే నేను చేసిన పనే లేకుంట పోతది. కని మన్ అని కూడ వద్దు. నాకు ఉతుకుడు నేర్పింది మా అవ్వ. నాకన్న మంచిగ ఉతికేది."

ముత్తయ్య ముఖం నల్లబడింది. కర్ర ఊతగా లేచి, కుంటుకుంటూ వచ్చి, సారయ్య చేతిలోని ట్రే అందుకుని బల్ల మీద పెట్టాడు. తన కుర్చీ చూపించాడు.

"కూసో అన్నా. నోరు జారిన."

సారయ్య కూర్చున్నాడు. కుర్చీ అంచు మీదే, వెన్ను నిటారుగా.

ప్రమీలాదేవి ఆయన వైపు తిరిగింది. "సరిహద్దు దవాఖానల చేసిన అన్నా నేను. ఒక్కో దినం ఆపరేషన్ బట్టలు నెత్తుట్ల ముద్దయ్యేటియి. తెల్లారి మల్లా తెల్లగ మడతవెట్టి ఉండేటియి. ఎవలు ఉతికిన్రో ఒక్కనాడు అడగలే. అడగాలన్న సోయి కూడ లేకుండె."

"చన్నీళ్లల్ల నానవెట్టాలె మేడం," అన్నాడు సారయ్య.

ఆ తర్వాత వాదన ఎక్కువసేపు సాగలేదు. మనిషికి పేరు పెట్టే బదులు పనికే పేరు పెడదామని ప్రమీలాదేవి అంది. ముందు ర్యాంకు, తర్వాత పేరు, కింద చేసిన పని. నర్సింగు, వంట, డ్రైవింగు, సిగ్నల్స్, ఉతుకుడు. రైఫిల్‌మన్ అన్న మాట కావాలనుకునేవాళ్లు అదే రాసుకోవచ్చు. ముత్తయ్య చెయ్యి అందరికంటే ముందు లేచింది. తీర్మానం రాసింది సారయ్యే. ప్రమీలాదేవికి కొత్త కార్డు రాసిచ్చాక, తన పాత కార్డు తీసి ఖాళీ గడిలో గుండ్రటి అక్షరాలతో 'ఉతుకుడు' అని నింపాడు. సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాడు.

ఇంటికి నడుస్తుంటే ఒళ్లు తేలికైంది. ఎన్నాళ్లుగానో నెత్తి మీదున్నదాన్ని ఎవరో చెయ్యేసి దించినట్టుంది. బస్టాండు దగ్గర జామపండ్ల బండి ముందు ఆగి, రోజూ అడిగే బేరం అడగకుండా కొన్నాడు.

వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న భార్య అనసూర్య ముందు పీట వాల్చుకుని కూర్చుని, జరిగిందంతా చెప్పాడు. పెళ్లయి ముప్పై ఏడేళ్లు. ఆమె చేతులు ఆగలేదు.

"నాకు ఎర్కలేదనుకున్నవా?" అంది. "పెండ్లైన నెలకే ఎర్కైంది. తువ్వాల పిండే తీరు చూస్తే తెల్వదా? మా నాయిన గూడ గట్లనే పిండేటోడు."

"మరి అడగకపోతివి?"

"నువ్వు దాసుకుంటివి. దాసుకున్నదాన్ని గుంజుకుంటనా?"

సారయ్య చాలాసేపు నవ్వాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. రిటైరై వచ్చాక ఇంట్లో ఆయన ఒక్క గుడ్డా ఉతకలేదు. ఉతికే తీరు చూసి ఎవరైనా కనిపెడతారని భయం. ఇప్పుడు లేచి, చొక్కా విప్పి, ఆమె నానబెట్టిన బట్టల బకెట్టు గుంజుకున్నాడు. వద్దంటున్నా వినలేదు. వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. రాయి మీద ఆయన చేతులు వాటంతటవే కదిలాయి. దారిన పోయే ఇద్దరు ఆడవాళ్లు ఆగి చూశారు. ఆయన తల ఎత్తి వాళ్లను పలకరించాడు.

ఆఖరి చీర పిండేటప్పుడు కొంచెం ఆయాసం వచ్చింది. తీగ మీద ఆరేసి, "చాయ్ పెట్టు" అని నీడలో మంచం మీద వాలాడు. అనసూర్య చాయ్ తెచ్చేసరికి కళ్లు మూసుకుని ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. ఊపిరి ఆడడం లేదు. నానిన వేళ్లు ముడతలు పడి, ఛాతీ మీద వదులుగా ఉన్నాయి. ముఖంలో ఆ నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఆమె గ్లాసు కింద పెట్టి, అరవకుండా, ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని పక్కన కూర్చుంది.

తీగ మీద ఆమె ఆకుపచ్చ చీర గాలికి ఒకసారి పొంగి, నిదానంగా కిందికి వాలి, ఒక్క ముడతైనా లేకుండా ఆరుతోంది.