గంప కింద పగటి నిద్ర

నేను ఒక కోళ్ల గంపను. పుట్టింది కోళ్లను మూయడానికి, ఉంటున్నది పడకగదిలో. నమ్మబుద్ధి కాకపోతే జనగామకు దగ్గర్లోనే ఉన్న కొమురవ్వ ఇంటికి వచ్చి మీ కళ్లతోనే చూడండి. కాకపోతే చెప్పులు వాకిట్లో విడిచి, గొంతు తగ్గించుకుని రండి. పగటిపూట ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడినవాళ్లను కొమురవ్వ ఊరికే వదలదు. ఎందుకో చెప్పాలంటే నా పుట్టుక దగ్గరి నుంచి రావాలి.

నన్ను అల్లింది మేదరి ఐలవ్వ. వెదురును చీల్చి, బద్దలు తీసి, నీళ్లలో నానేసి, గుడిసె ముందు కాళ్లు చాపుకుని కూర్చుని అల్లింది. అల్లినంతసేపూ మొగుణ్ని తిడుతూనే ఉంది. ఒక్కో తిట్టుకు ఒక్కో బద్ద బిగించి లాగేది. నేను ఇన్నేళ్లయినా సడలకుండా ఉన్నానంటే ఆ మహానుభావుడి పుణ్యమే. అతని ముఖం కూడా నేను చూడలేదు, కాని రుణపడి ఉన్నాను.

అంగడిలో కొమురవ్వ నన్ను కొన్న తీరు వేరు. నలుగురూ చూస్తుండగా నన్ను ఎత్తి తన నెత్తి మీదే బోర్లించుకుని, లోపల కాసేపు కూర్చుంది. "ఏందే అవ్వా, కోడివా నువ్వు?" అని పక్కనున్న ఆమె నవ్వింది. కొమురవ్వ నా కిందనుంచే జవాబిచ్చింది. "కోడికి ఊపిరాడుతదా లేదా సూడాలె గద. అది నోరు తెరిచి చెప్తదా మనకు?" అప్పుడే అనుకున్నాను, ఈమె ఇంటికైతే నిశ్చింతగా వెళ్లొచ్చని. మనుషులు తమ పడకగది కట్టించుకునేటప్పుడు కూడా ఇంత పరీక్ష చేయరని ఆ తర్వాత తెలిసింది.

కొమురవ్వకు కోళ్లంటే ప్రాణం. భర్త పోయాక గొర్రెలను అమ్మేసింది కాని కోళ్లను వదల్లేదు. వాటికి పేర్లు పెట్టి, తిట్టి, బుజ్జగించి, పొద్దుగూకగానే నా కిందికి తోలేది. చలికాలమైతే నా మీద భర్త గొంగడి కప్పేది. నల్ల ఉన్నితో నేసిన బరువైన గొంగడి అది. అది పడగానే లోపల చీకటి చిక్కబడేది, కోళ్లు ఒకదాని రెక్కలోకి ఒకటి ఒదిగి గమ్మునయ్యేవి. నా సందుల్లోంచి గాలి మాత్రం ఆడుతూనే ఉండేది. చీకటీ గాలీ రెండూ ఒకేచోట దొరకడం ఎంత భాగ్యమో కోళ్లకు తెలుసు. మనుషులకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

కొమురవ్వ కొడుకు సంపత్ ఇళ్లకు రంగులు వేస్తాడు. చేతిలో పనితనం ఉంది, మనసు మంచిది, రంగుల విషయంలో మాత్రం చేయి కొంచెం ధారాళం. పెళ్లి కుదరగానే పెళ్లాం కోసమని పడకగది తానే ముస్తాబు చేశాడు. ఊళ్లోవాళ్ల ఇళ్లలో పని అయ్యాక డబ్బాల అడుగున మిగిలిన రంగులన్నీ పోగుచేసి ఒక గోడకు చిలకపచ్చ, ఒక గోడకు గులాబీ, ఒక గోడకు నిమ్మపండు రంగు, మంచం వెనక గోడకు నెమలిమెడ నీలం వేశాడు. కిటికీకి మెరుపుల పూల ప్లాస్టిక్ పరదా, నెత్తిన కళ్లు చెదిరే ట్యూబ్‌లైటు. తలుపు తెరిస్తే ఆ వెలుగు వాకిట్లో ఉన్న నా మీద కూడా పడేది. కొత్తగా వచ్చిన స్వరూప ఆ గది మధ్యలో నిలబడి నాలుగు గోడలూ చూసింది. తర్వాత, "నా కోసం ఇంత కష్టపడ్డవా?" అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. సంపత్ ఆ రోజంతా నేల మీద నడవలేదు.

స్వరూప జనగామలో ఒక ఆసుపత్రిలో నర్సు. పసిపిల్లల వార్డులో నైట్ డ్యూటీ. నెలలు నిండకుండా పుట్టిన గుప్పెడంత బిడ్డలను రాత్రంతా కనిపెట్టుకుని ఉండే పని. ఆ పనంటే ఆమెకు ఎంత ఇష్టమో ఇంటికి వచ్చి చెప్పే కబుర్లలో తెలిసేది. ఏ బిడ్డ ఎంత బరువు పెరిగింది, ఏ బిడ్డ మొదటిసారి తల్లి పాలు తాగింది, అన్నీ వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ అత్తకు చెప్పేది. నేను పక్కనే బోర్లా పడుకుని వినేదాన్ని.

రాత్రి మేలుకున్న మనిషి పగలు పడుకోవాలి కదా. అక్కడే వచ్చింది చిక్కు. కళ్లు మూసినా చిలకపచ్చా నిమ్మపండూ రెప్పల వెనక నిలబడేవట. పలుచటి పరదాలోంచి ఎండ సూటిగా ముఖం మీదికొచ్చేది. ఇక కిటికీ కిందే మా పుంజు. సూర్యుడు ఉదయించాడని ఊరంతటికీ తెలిసిపోయాక కూడా మధ్యాహ్నం దాకా ఆ కబురు చెబుతూనే ఉండే రకం అది. స్వరూప మొహం వాడిపోయింది. కళ్ల కింద నలుపు వచ్చింది. అడిగితే "ఏం లేదత్తమ్మా, అలవాటైతది" అనేది. భర్త ముచ్చటపడి వేసిన రంగులను కాదనడానికీ, అత్త ప్రాణంగా పెంచే కోళ్లను తప్పుపట్టడానికీ ఆమెకు మనసొప్పలేదు.

ఒక పొద్దున డ్యూటీ నుంచి వచ్చి లోపలికి పోకుండా మెట్టు మీద కూలబడింది. సంపత్ రంగు డబ్బాలు బండికి కట్టుకుంటున్నాడు.

"నేను ఈ పని మానేస్త," అంది స్వరూప.

"ఏమైంది?"

"ఒక బిడ్డకెయ్యాల్సిన సూది పక్క ఉయ్యాల్లున్న బిడ్డ దగ్గరికి తీస్కపోయిన. కండ్లు మూతలు పడుతున్నయ్. గుచ్చే ముందర చేతికి కట్టిన పేరు సూసి ఆగిన. సూడకపోతే?" ఆమె తన చేతులవైపు చూసుకుంది. "ఈ పని లేకుంట నేను ఉండలేను. కని నిద్ర లేని చేతులతోని ఆ పిల్లలను ముట్టుకోను."

సంపత్‌కు మాట రాలేదు. మా పుంజుకు మాత్రం వచ్చింది, సరిగ్గా అప్పుడే గొంతెత్తింది. కొమురవ్వ లేచి దాన్ని పట్టుకుని నా కిందికి తోసి, నా మీద గొంగడి పడేసింది. నిండు ఎండలో పుంజుకు రాత్రి అయిపోయింది. ఒకసారి గొణిగి, మెడ రెక్కలో పెట్టుకుని నిద్రపోయింది. కొమురవ్వ నావైపు చూసింది. తర్వాత ధగధగలాడుతున్న పడకగది వైపు చూసింది. మళ్లీ నావైపు చూసింది. నా బతుకులో ఒక మనిషి నన్ను అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు.

"సంపత్," అంది. "ఇయ్యాల పనికి పోకు. ఆ గోడలు గీకు."

"ఎందుకే అమ్మా?"

"ఆ అర్రను గంప లెక్క చెయ్యాలె. సల్లగ, సీకటిగ, గాలాడేటట్టు. మన్ను పూద్దం."

"పెయింటర్ ఇంట్ల మన్ను పూసుకున్నరంటే నలుగురు నవ్వుతరే."

"నవ్వనియ్ రా. నవ్వేటోళ్లకు నిద్ర పడుతున్నది, మన పిల్లకే పడ్తలేదు."

సంపత్ డబ్బాలు బండి మీంచి దించాడు. తను ఇష్టంగా వేసిన రంగులను తానే గీకి తీశాడు. నిమ్మపండు గోడ దగ్గర మాత్రం రెండుసార్లు ఆగి నిట్టూర్చాడు. తల్లీకొడుకులు పుట్టమన్నూ ఎర్రమన్నూ జల్లెడపట్టి, నానబెట్టి, మెత్తగా పిసికి గోడలకు పలుచగా పూశారు. ఆరాక గోడలు కలిపిన గోధుమపిండి రంగులోకి వచ్చాయి. ప్లాస్టిక్ పరదా పోయి దాని చోట గొంగడి వచ్చింది. భర్త కప్పుకున్న గొంగడిని కిటికీకి కట్టేటప్పుడు కొమురవ్వ దాన్ని ఒకసారి ముఖానికి ఆనించుకుంది, అంతే. నేల మీద ఈతచాప, మూలకు నీళ్ల కూజా. రేకు మంచం తీసేసి, అటక మీది నులక మంచానికి కొత్త నులక అల్లించారు. పాత నేత చీరలు కలిపి కొమురవ్వ బొంత కుట్టింది. ఇటుక రంగు, వక్క రంగు, చింతపండు రంగు, అన్నీ ఉతికి ఉతికి మెత్తబడ్డవి. ఆ బొంతను ముట్టుకుంటేనే ఆవలింత వచ్చేలా ఉందని సంపత్ అన్నాడు.

మంచం వెనక గోడకు మాత్రం కొమురవ్వ తన చేత్తో జాజు, అదే ఎర్రమట్టి రంగు, పూసింది. పండగ పండగకూ గోడల అడుగున, అరుగుల అంచులకు ఆ ఎర్రటి జాజు పూసీ పూసీ ఆరితేరిన చేయి. నీళ్లలో కలపడం, గుడ్డతో అలకడం, అంతే ఆమెకు తెలిసిన పద్ధతి. నిండు గోడ ఎర్రగా, చల్లగా తేలింది. ఒక్క సంగతి ఎవరికీ తట్టలేదు. పండగ జాజుకు ఎవరూ వీపు ఆనించి కూర్చోరు.

స్వరూప ఆ సాయంత్రం తెల్ల యూనిఫాం వేసుకుని, మంచం మీద కూర్చుని గోడకు ఒరిగి బూట్లు తొడుక్కుని, హడావిడిగా వెళ్లిపోయింది. మర్నాడు వచ్చి వాకిట్లో నిలబడి ఆపుకోలేక నవ్వింది. "అత్తమ్మా, నేను వార్డులకు పోంగనే ఒక ముసలమ్మ నన్ను పట్టి కుర్చీల కూసోబెట్టింది. నీ ఈపంత నెత్తురే బిడ్డా, కదలకు అన్నది. నలుగురు పరుగెత్తుకొచ్చిండ్రు." ఆమె నవ్వు విని చాలా రోజులైంది. కొమురవ్వ సిగ్గుపడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత తానూ నవ్వింది. ఆ రోజే, రంగు ఒంటికి అంటకుండా ఉండేందుకు తుమ్మబంక తెచ్చి నానబెట్టారు. జాజులో ఎంత బంక కలపాలో సంపత్ చూసుకున్నాడు. గోడ ఆరాక తన తెల్ల బనీను వేసుకుని వీపుతో ఆ గోడంతా రుద్ది, వెనక్కి తిరిగి తల్లికి చూపించాడు. బనీను తెల్లగానే ఉంది. రంగుల పనిలో అంత గర్వంగా అతను ఎప్పుడూ నిలబడలేదని నా అనుమానం.

ఇన్ని చేసినా పుంజు పుంజే. స్వరూప పడుకున్న కాసేపటికి కిటికీ కింద అది కూసింది, ఆమె ఉలిక్కిపడి లేచింది. రోజంతా నా కింద మూసి ఉంచుదామని సంపత్ అంటే కొమురవ్వ ఒప్పుకోలేదు. "దానికి మాత్రం తిరగబుద్ధి కాదా?" అంది. గుడ్డు పెట్టిన పెట్ట అరుపు కూడా తక్కువది కాదని, మరునాడు ఎవరితోనూ చెప్పకుండా కోళ్లన్నిటినీ, పుంజుతో సహా, నా కింద నుంచి ఒక్కొక్కటిగా తీసి కాళ్లు కట్టి, పక్క ఊళ్లో ఉన్న చెల్లెలు బుచ్చవ్వకు ఇచ్చి వచ్చింది. వచ్చి వాకిట్లో ఊరికే నిలబడింది. గింజలు చల్లే వేళకు చేయి దానంతట అదే చాటలోకి పోయింది. నాకు ఏడ్చే కళ్లు లేవు కాని, ఆ సాయంత్రం నా కింద ఎవరూ లేకపోవడం ఎంత దుఃఖమో నాకే తెలుసు.

"నేను అడిగిన్నా అత్తమ్మా?" అని స్వరూప ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

"నువ్వడగలే. అందుకే ఇచ్చిన," అంది కొమురవ్వ. "నీ చేతుల కిందున్న పిల్లలు ఎక్కువనా, నా కోళ్లు ఎక్కువనా? ఆడ మంచిగనే ఉంటయ్ తియ్యి."

నన్ను చూస్తే మాత్రం ఆమెకు కోళ్లే గుర్తొచ్చేవి. రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు నన్ను పొయ్యి దగ్గరికి ఈడ్చుకెళ్లింది. ఎండిన వెదురు బాగా మండుతుంది, ఆమె తప్పేమీ లేదు. నేను ఐలవ్వను తలచుకున్నాను. కొమురవ్వ కాలు నా మీద పెట్టి విరవబోయింది.

"అత్తమ్మా, దాన్ని నాకియ్యి."

స్వరూప నన్ను వేణ్నీళ్లతో, వేపాకుతో కడిగింది. ఎండలో ఆరబెట్టింది. అల్లికలో చిక్కుకున్న ఒక ఎర్రని ఈకను మాత్రం తీయకుండా అలాగే ఉంచింది. సంపత్ పడకగదిలో ట్యూబ్‌లైటు విప్పి, మంచానికి పైన చిన్న పసుపుపచ్చ బల్బు తగిలించి, దాని మీదుగా నన్ను బోర్లించి వేలాడదీశాడు. సాయంత్రం ఆమె లేచే వేళకు బల్బు వేస్తే ఐలవ్వ వదిలిన సందుల్లోంచి వెలుగు సన్నగా జారి జాజు గోడ మీద పడుతుంది. కళ్లకు గుచ్చుకోదు. చీకటి కోసం పుట్టిన నాకు ఈ వయసులో వెలుగును కాపాడే పని దొరికింది. విరవబోయిన కాలికి కూడా నేను రుణపడే ఉన్నాను, అది కాసేపు ఆగింది కనుక.

స్వరూప పని మానలేదు. ఇప్పుడు పొద్దున్నే వచ్చి, ఇంత గంజి తాగి, గొంగడి దించి, బొంత కప్పుకుంటే పొద్దు వాలేదాకా నిద్రపోతుంది. నిద్రలో ఆమె చేతులు బొంత మీద హాయిగా సేదదీరుతుంటాయి. కొమురవ్వ గడప బయట కూర్చుని ఇంటికి వచ్చేవాళ్లను కనుసైగతోనే ఆపుతుంది. నేను పైనుంచి, తలుపు సందులోంచి కూడా చూస్తూ, ఇద్దరినీ కాస్తుంటాను.

మొన్న మిట్టమధ్యాహ్నం పక్క వాడ ముత్తమ్మ చుట్టాలొచ్చారని పరుగున వచ్చింది. "కొమురవ్వా, కోళ్లున్నయా?"

కొమురవ్వ నోటి మీద వేలు పెట్టి, మూసిన తలుపు వైపు చూపించింది. "ఒక్కటే ఉన్నది."

"ఒక్కటైనా సాలు, ఇయ్యి."

"అది ఇచ్చేది కాదు," అంది కొమురవ్వ మెల్లగా. "గంప కింద పండుకున్నది. లేపకు."