మరణాలు: సున్నా

మదార్‌బీ తడిగుడ్డతో పాత అంకెలు తుడిచి చాక్‌పీసు అందుకుంది. ఈ నెల కాన్పులు ముప్ఫై ఎనిమిది. ఆపరేషన్లు ఇరవై రెండు. మరణాలు సున్నా. అద్దంకిలోని ఆ ప్రైవేటు ఆసుపత్రి గుమ్మంలో ఈ నల్లబోర్డు పెట్టి ఏడాదైంది. మేనేజరు జయరావు రాసిచ్చిన చీటీ చూసి రోజూ ఆమే ఎక్కిస్తుంది. పందొమ్మిదేళ్ళ ఆయా పనిలో అరచేతులు ఫినాయిలుకు పాలిపోయాయి, నడుము ఒకపక్కకు ఒరిగింది. అంకెలు మాత్రం గుండ్రంగా రాస్తుంది.

జనం బోర్డు చదివేవారు గాని నమ్మేవారు కాదు. కొందరు ఎదురాసుపత్రి బోర్డు కూడా చూసొచ్చేవారు, అక్కడా సున్నాయే. చివరికి ఆమెనే అడిగేవారు.

"నిజమేనా బూబమ్మా?"

"డాక్టరమ్మ మంచిదే" అనేది మదార్‌బీ. అది అబద్ధం కాదు. అడిగినదానికి జవాబూ కాదు.

ఆ ఉదయం పేరయ్య అనే కూలీ, నొప్పులు పడుతున్న భార్య శివపార్వతిని ఆటోలో తెచ్చాడు. బోర్డు ముందు ఆగిపోయాడు.

"ఇంతమందిలో ఒక్కరూ పోలేదంటే ఎట్టా నమ్మేది? మా వీధిలోనే ఏడాదికి ముగ్గురు పోతారు. నువ్వు చెప్పు బూబమ్మా, ఇక్కడ దింపమంటావా?"

శివపార్వతి ఆటో కడ్డీ పట్టుకుని మూలుగుతోంది. కిటికీలోంచి జయరావు చూస్తున్నాడు.

"దింపు నాయనా" అంది మదార్‌బీ.

మధ్యాహ్నం మగపిల్లాడు పుట్టాడు. పక్కబట్టలు మూడుసార్లు మార్చినా తల్లికి రక్తం ఆగలేదు. గుంటూరు తీసుకెళ్ళమంది డాక్టరమ్మ. జయరావు స్ట్రెచరును తనే తోశాడు. ఎప్పుడూ అంతే. ప్రాణం మీదికొచ్చినవాళ్ళను గుమ్మం దాటించేదాకా అతనికి నిలకడ ఉండదు.

మార్టూరు దాటకముందే ఆమె పోయిందని సాయంత్రం ఆంబులెన్సు డ్రైవరు ఖాదర్ వలి తిరిగొచ్చి చెప్పాడు.

మదార్‌బీ లేచి వెళ్ళి సున్నా తుడిచి ఒకటి వేసింది.

"ఏందిది?" అన్నాడు జయరావు. "దారిలో పోయింది. మన లెక్కలోకి రాదు."

"నన్నడిగే దింపాడయ్యా. నా లెక్కలోకి వస్తది."

"అయితే రేపట్నుంచి రావొద్దు."

ఆమె చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని, బస్టాండు వైపు నడిచింది. జయరావు ఆ ఒకటిని అరచేత్తో తుడిచేశాడు.

కాన్పుగది కిటికీలో కొన్ని గుడ్డపీలికలు మిగిలాయి. మిరపకాయలు కోసేటప్పుడు మంట పుట్టకుండా శివపార్వతి వేళ్ళకు చుట్టుకున్నవి, నొప్పులొచ్చి చేలోంచి అట్లాగే వచ్చేస్తే నర్సు ముడి విప్పకుండా లాగి పక్కన పెట్టినవి. ఎర్రటి మరకలతో, ఇంకా వేళ్ళు లోపలే ఉన్నట్టు గుండ్రంగా నిలబడి ఉన్నాయి.