రెండు దీవుల పాట

నేలలో పాతిన గునపం మీద కాయను పొడిచి, ఒక్క మెలితో పీచు ఊడదీసి, బైరాగి దాన్ని కుప్పలోకి విసిరాడు. బక్కపలచని ఒళ్లు, మోచేతుల దాకా పీచు ధూళి. కిడ్నీల జబ్బుకు పాదాలు ఉబ్బి ఉన్నాయి. కంచిలి తోటల్లో అందరికీ అతను కొబ్బరికాయలు ఒలిచే మనిషి. అంతకుముందు పందొమ్మిదేళ్లు అండమాన్, నికోబార్ దీవుల్లో ప్రొఫెసర్ జనార్దనరావు కోసం వల పన్ని పిట్టల్ని పట్టాడని ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం మేనకోడలు జాహ్నవి టెక్కలి కాలేజీ లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం తెచ్చింది. దీవుల్లో పాడే పిట్టల మీద జనార్దనరావు రాసిందే. పక్కనే కూర్చుని ఇంగ్లీషు చదువుతూ తెలుగులో చెప్పింది. ఒకప్పుడు ఒకే తేనెపిట్ట. మధ్యలో సముద్రం. వేల తరాలు అటూ ఇటూ కలవక ముక్కు మారింది, పాట మారింది. పిట్టపిల్లలు తండ్రి పాటే నేర్చుకుంటాయి కాబట్టి ఏ దీవి పాట ఆ దీవికే మిగిలింది.

"మావా, ఇది ఇను. ఏరు దాటితే యాస మారినట్టే దీవి దాటితే పాట మారుతుందని ఓరోజు పడవలో ఈ ప్రొఫెసరుకి తట్టిందంట."

బైరాగి చేతిలో కాయ ఆగిపోయింది. ఆ మాట తనది. ఆ పడవలో ప్రొఫెసర్‌కి బారువ యాస, ఇచ్ఛాపురం యాస పలికి చూపించి మరీ చెప్పాడు. రెండు దీవుల పాటలూ వేరని మొదట పసిగట్టింది కూడా తన చెవులే.

"నా పేరు ఎక్కడుంది అమ్మీ?"

జాహ్నవి చివరి పేజీ దాకా తిరగేసింది. పడవ ఇచ్చిన కంపెనీకి, బస ఇచ్చిన అతిథిగృహానికి కృతజ్ఞతలున్నాయి. అతని పేరు లేదు.

అక్కడికక్కడే ప్రొఫెసర్‌కి ఫోన్ చేయించాడు.

"బైరాగీ! చూడవయ్యా, సాయం చేసినవాళ్ల పేర్లన్నీ వేస్తే పుస్తకం చాలదు కదా," అన్నాడు జనార్దనరావు.

"పిట్టలన్నిటి పేర్లూ ఏసినారు బాబూ. నా ఒక్కడికే సోటు నేదేటి?"

అవతల ఫోన్ పెట్టేశారు.

బైరాగి ఫోన్ జాహ్నవికి ఇచ్చేశాడు. మళ్లీ గునపం దగ్గరకు పోలేదు. కొబ్బరాకు చీల్చి, బూరలా ఊదే పీక చుట్టాడు. "ఇది అండమాన్‌ది," అని ఊదాడు. "ఇది నికోబార్‌ది." రెండోది చివర్లో విరిగి పైకి లేచింది. మెడ నరాలు ఉబ్బేలా మళ్లీ మళ్లీ ఊదాడు.

"ఇది ఆ పుత్తకంల ఉందేటి? ఉండదు. ఆయనకి ఇనబడితే గదా!"

ఆయాసం వచ్చింది. సిటం సేపు నడుం వాలుస్తానని పీచు కుప్ప మీద ఒరిగాడు. జాహ్నవికి కసి తీరలేదు. లైబ్రరీ పుస్తకమన్నది కూడా చూడకుండా, మొదటి పేజీలో జనార్దనరావు పేరు పైన 'బైరాగి' అని పెన్నుతో ఒత్తి రాసింది. చూపిద్దామని పిలిచింది. పలకలేదు. భుజం పట్టి కుదిపింది. అతని చెయ్యి జారి పక్కకు పడింది.

వేళ్ల పక్కనే కొబ్బరాకు పీక, ఇంకా పచ్చగా, ఊదిన చివర పంటిగాటుతో.