పీనుగింటి నీళ్లు

వాల్వు గుంతలో మోకాలి లోతు బురదలో నిలబడి చిన్నన్న ఇనుప చక్రాన్ని ఎడమకు తిప్పుతున్నాడు. అది సగం తిరిగి మొరాయించింది. ఒక బూతు తిట్టి, భుజం ఆనించి, పళ్లు బిగబట్టి తోశాడు. అడుగున గొట్టంలో గాలి గుడగుడలాడింది. ఆ తర్వాత నీళ్లు కింద వీధి వైపు మళ్లాయి.

రోజూ ఈ వేళకు పై వీధికి పోవాల్సిన నీళ్లవి. ఏటిమిట్టపల్లెలో ఆ వరస ఆషామాషీది కాదు. ముందు పై వీధి, అంటే సర్పంచి వీధి. తర్వాత కింద వీధి, అంటే ఎన్నికల్లో ఓడిన సురేంద్రరెడ్డి వీధి. ఓట్లు తారుమారైన ఏడాది ఈ వరసా తారుమారవుతుంది. అప్పుడల్లా ఎవరిదో ఒకరి తల పగులుతుంది. చిన్నన్నకు ముందు నీళ్లు వదిలిన మనిషికి కుడిచేతికి రెండు వేళ్లే మిగిలాయి. చిన్నన్న మెడకింది ఎముక కూడా ఒకసారి విరిగి వంకరగా అతుక్కుంది. కుళాయిల దగ్గర ఆడవాళ్లు జుట్లు పట్టుకుని ఈడ్చుకున్న రోజులకు లెక్కే లేదు. అయినా అడిగితే మాది శాంతమైన ఊరంటారు. కేసులు పెట్టుకోరు కదా, అందుకు.

ఆ వరసకు మినహాయింపు ఒక్కటే. ఎవరింట్లోనైనా మనిషి పోతే, పీనుగకు స్నానం చేయించడానికి ఆ వీధికే ముందు నీళ్లివ్వాలి. వేటకొడవళ్లు పట్టుకుని తిరిగిన కాలంలో కూడా దీన్ని కాదన్నవాళ్లు లేరు. ఈ తెల్లవారుజామున కింద వీధిలో సురేంద్రరెడ్డి మేనత్త చిన్నసుబ్బమ్మ పోయింది.

చిక్కల్లా ఈ రోజే గ్రామసభ కావడంతో వచ్చింది. కుళాయిలు, వీధి దీపాలు, మురుగు కాలువలు, చెత్త బండి ఎలా ఉన్నాయో ఏడాదికోసారి బేరీజు వేసే సభ. మండలం నుంచి అధికారి వస్తాడు, కుళాయి తిప్పి చూస్తాడు, అంతా బాగుందని రాసుకుంటాడు, భోంచేసి పోతాడు. చిన్నన్నను ఇంకో ఏడాది పనిలో ఉంచుకోవాలా వద్దా అని చేతులెత్తేది కూడా ఆ సభలోనే. ఆ చేతులు లేవకపోతే అతనికి వేరే బతుకు లేదు. ఉన్న గొర్రెలు నీలినాలుక రోగానికి పోయాయి. మోకాలు అరిగి మంద వెంట నడవలేడు. యాభై దాటిన కురుబ మనిషిని, తడిలో నాని నాని కాలివేళ్లు తెల్లగా పాసిపోయిన మనిషిని కూలికి పిలిచేదెవరు?

అందుకే చక్రం మీద చెయ్యి వేయకముందే సర్పంచి ఇంటికి పోయి అడిగాడు. సర్పంచి ఉమాదేవి. బోర్డు మీద పేరు ఆమెది, కుర్చీ భర్త లోకనాథరెడ్డిది. అతను షామియానా సామాను కోసం ప్రొద్దుటూరు పోయి ఉన్నాడు. ఉమాదేవి వాకిట్లో ముగ్గు వేస్తోంది. ఎడమ చెంప కమిలి ఉంది. చిన్నన్న చూసీ చూడనట్టు తల తిప్పుకున్నాడు. వాల్వు గుంత ఆ ఇంటి గోడకు ఆనుకునే ఉంటుంది కాబట్టి, గోడవతల ఏం జరుగుతుందో ఊళ్లో అందరికంటే అతనికే ఎక్కువ తెలుసు. చిన్నసుబ్బమ్మ పోయిన సంగతి చెప్పి, నీళ్లు ఎటు తిప్పమంటారని అడిగాడు.

"పీనుగకు నీళ్లు ఇయ్యకుంటే ఎట్ల చిన్నన్నా," అంది ఉమాదేవి. "ఇయ్యిపో. ఆయన వచ్చేలోపల మళ్లా ఈడికి తిప్పు."

తిప్పేవాడే. కింద వీధికి సరిపడా పోయేసరికి ట్యాంకు అడుగంటింది, దాన్ని మళ్లీ నింపుదామంటే కరెంటు పోయింది. చిన్నన్న మోటారు గది ముందు గొంతుక్కూర్చుని తీగల కేసి చూస్తూ, కరెంటునూ దాన్ని కనిపెట్టినవాణ్నీ కలిపి తిట్టాడు. అధికారి జీపు వచ్చింది గాని కరెంటు రాలేదు.

లోకనాథరెడ్డి అధికారిని నేరుగా తన ఇంటి ముందరి కుళాయి దగ్గరికే తీసుకొచ్చాడు. అతని అన్న కొడుకు అవినాష్ ఫోటో కోసం సెల్లు పట్టుకుని నిలబడ్డాడు. అధికారి కుళాయి తిప్పాడు. అది కాసేపు గురకపెట్టి, ఒక చీమను బయటికి తోసి ఊరుకుంది. వీధి మొదట్లో సురేంద్రరెడ్డి మనుషులు పగలబడి నవ్వారు. లోకనాథరెడ్డికి తల కొట్టేసినట్టయింది.

సభ బడి ఆవరణలో జరిగింది. కార్యదర్శి ప్రసూన, పెళ్లి కుదిరి ఇంకో నెలలో ఈ ఊరు వదిలిపోయే పిల్ల, వీధి దీపాల గురించి గబగబా చదివేసింది. తాగునీరు అనగానే లోకనాథరెడ్డి స్టాండులోంచి మైకు పెరికి చేతిలోకి తీసుకున్నాడు. చిన్నన్నను ముందుకు పిలిచాడు. కింద వీధికి నీళ్లు తిప్పమన్నది ఎవరో అందరి ముందు చెప్పమన్నాడు. అవతలివాళ్ల పేరొకటి చెబితే పని ఉంటుందని, లేకపోతే పనీ ఉండదు, కాలూ ఉండదని కూడా మైకులోనే అన్నాడు.

చిన్నన్న ఉమాదేవి వైపు చూశాడు. ఆమె కొంగు చెంప మీదికి లాక్కుని, బల్ల మీద పాకుతున్న ఈగను చూస్తోంది. తానే ఇయ్యమన్నానని ఒక్క మాట అంటే అక్కడితో సరిపోయేది. అనలేదు. ఆమె భయం ఆమెది, ఎవరూ కాదనరు. అయినా ఆ క్షణాన ఆమె నోరు విప్పకపోవడం పాపమే.

"ఎవురూ చెప్పలేదు రెడ్డీ," అన్నాడు చిన్నన్న. "ఆడ పీనుగుండె. నేనే తిప్పినా."

రెండు చెంపదెబ్బలతో తేలిపోయేదేమో. కానీ సురేంద్రరెడ్డి వెనక నిలబడి ఉన్నాడు. మేనత్త పోయిన దుఃఖం కంటే పై వీధి కుళాయి ఎండిన సంబరమే అతని మొహంలో ఎక్కువగా కనబడుతోంది. చిన్నన్నను అతను ఎన్నడూ పేరుపెట్టి పిలిచినవాడు కూడా కాదు.

"మేమే తిప్పమన్యాం," అన్నాడు సురేంద్రరెడ్డి. "చిన్నన్న మా మనిషి. ఏం జేస్తారో చేస్కోండి."

పచ్చి అబద్ధం. అంతమంది ముందు మీసం మెలేసే అవకాశం వస్తే అలాంటి అబద్ధాన్ని నోట్లోనే దాచుకున్న మగవాడు ఆ ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు.

కుర్చీలు లేచాయి. విరిగిన కుర్చీల కాళ్లతోనే కొట్టుకున్నారు. ఒకడి చెవి తెగి వేలాడింది. షామియానా గుంజ పెరికి ఒకడు ఇంకొకడి పొట్టలో పొడిచాడు. షామియానా కూలి దాని కింద చిక్కుకున్నవాళ్లను, ఎవరో ఏమో చూసుకోకుండానే, పైనుంచి బాదారు. బడి గోడ మీదినుంచి రాళ్లు పడ్డాయి. అధికారి ఫైలు నెత్తిన పెట్టుకుని జీపెక్కాడు. ప్రసూన చెప్పులు వదిలేసి అతని వెనకే ఎక్కింది. మధ్యలో చిన్నన్న రెండు చేతులూ జోడించి, తాను ఎవరి మనిషీ కాదని వచ్చినవాడికల్లా చెబుతూనే ఉన్నాడు. అవినాష్ ఖాళీగా ఉన్న మైకు స్టాండును రెండు చేతులా ఎత్తి అతని నడినెత్తిన వేశాడు. లోకనాథరెడ్డి చేతిలో బ్యాటరీ మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆ దెబ్బ చప్పుడు ఊరంతా వినబడింది.

పడ్డవాడి పక్కటెముకలను పై వీధివాళ్లు తొక్కారు. మా మనిషన్న కింద వీధివాళ్లు అతన్ని దాటుకుని ముందుకు పోయారు, లేపిన చెయ్యి ఒక్కటీ లేదు.

లేపింది భార్య రమణమ్మ. మధ్యాహ్నమంతా అతను వాకిట్లో తలకు తువ్వాలు కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రెండుసార్లు కక్కుకున్నాడు. చెవిలోంచి నీళ్లలాంటిదేదో కారుతుంటే భుజంతో తుడుచుకున్నాడు. ప్రొద్దుటూరు ఆస్పత్రికి పోదామని ఆమె ఆటో మాట్లాడుకొచ్చింది. అప్పుడే కరెంటు వచ్చింది. దూరంగా మోటారు మొదలైన చప్పుడు విని అతను లేచాడు.

"పై వీధికి ఈ పొద్దు నీళ్లే పోలేదు. తిప్పేసొస్తా," అన్నాడు.

"నిన్ను ఇట్ల కొట్టినోళ్లకా?"

"ఆడోళ్లు ఏం జేసినారు మే. ఇంట్లో బొట్టు నీళ్లు లేకుంటే ఎట్ల వండుతారు?" గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి ఆగాడు. "తిప్పమనింది సర్పంచమ్మే. యాడా అనొద్దు."

రమణమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఆ మాట ఆడ ఎందుకు చెప్పలేదు మల్ల?"

"చెప్తే ఆయమ్మను ఇంట్లో సంపుతాడు."

పొద్దు వాలుతుండగా గుంతలో దిగాడు. చక్రం ఈసారి మొరాయించకుండా తిరిగింది. గోడవతల కుళాయిలో నీళ్లు పడుతున్న చప్పుడు వినబడ్డాక, గట్టుకు తల ఆనించి కూర్చున్నాడు. పై వీధిలో తొట్లు నిండాయి, నీళ్లు పొర్లి కాలువలో కలిశాయి. నీళ్లు ఇంకా ఎందుకు ఆపలేదని తిట్టడానికి వచ్చిన పనిమనిషే అతన్ని మొదట చూసింది. అప్పటికే ఒళ్లు చల్లబడింది.

ఆ రోజంతా కొట్టుకున్న రెండు వీధుల పెద్దలు రాత్రికి ఒక్క మాట మీదికి వచ్చారు. గుంతలో కాలు జారి పడ్డాడు, అంతే. కేసు పెడితే అటూ ఇటూ పిల్లలు జైలుకు పోతారని రమణమ్మకు ఇద్దరూ విడివిడిగా, ఇంచుమించు అవే మాటల్లో, బుద్ధి చెప్పి పోయారు. సురేంద్రరెడ్డి మళ్లీ మా మనిషని అనలేదు.

మర్నాడు పొద్దున చిన్నన్నకు స్నానం చేయించాలి. కురుబల ఇళ్ల వైపు నీళ్లు తిప్పడానికి మనిషి లేడు. పై వీధినీ కింద వీధినీ అడగడానికి రమణమ్మకు మనసొప్పలేదు. తలుపు తీసేసరికి గడప ముందు ఎవరో నీళ్లు తెచ్చి పెట్టి ఉన్నారు. సందు మలుపులో, తలనిండా కొంగు కప్పుకుని వెనక్కి చూడకుండా పోతున్న మనిషి నడకను ఆమె గుర్తుపట్టింది.

పిలవలేదు, తిట్టలేదు. పొలం బోరు నుంచి చుట్టాలు క్యాన్లలో మోసుకొచ్చిన నీళ్లు తనే మొగుడికి పోసింది. తెల్లగా పాసిన ఆ వేళ్లను ఒక్కొక్కటే రుద్ది కడిగింది. మధ్యాహ్నానికి పాడె లేచింది, జనం దాని వెంట పోయారు. గడప ముందు పెద్ద ఇత్తడి బిందె, మెడ చుట్టూ 'ఉమాదేవికి పుట్టింటివారు' అని చెక్కిన అక్షరాలతో, తెచ్చిన నీళ్లు తెచ్చినట్టే ఎండలో ఉండిపోయింది.