వాగు దారి మార్చిన ఏడు

1958 ఏప్రిల్ పన్నెండు తెల్లవారుజామున, నార్త్ కెరొలినాలోని గ్రేడీ క్రాసింగ్‌లో పోసమ్ వాగు దారి మార్చుకుంది. అంతకుముందు వెర్లీన్ సటన్ ఇంటికి పడమర పారేది. వరద తీశాక తూర్పున పారుతోంది.

ఆ ఊరికి మొదట వచ్చినవాళ్లు వాగుకు చెరో గట్టునా ఇళ్లు కట్టుకున్నారు. చర్చి ఒకటే. ఆగస్టులో ఊరంతా కలిసే ఆదివారం మాత్రం చర్చి ఆవరణలో భోజనాల బల్లలు రెండు వేస్తారు, గట్టుకొకటి. వెర్లీన్ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తూర్పు బల్ల దగ్గర, చెల్లెలు లూడీ పక్కన కూర్చుంటోంది.

జులైలో తూర్పు బల్లకు పెద్దగా ఉండే హోసియా గ్రేడీ వచ్చి, వరండా మెట్ల దగ్గర టోపీ తీశాడు.

"మిస్ వెర్లీన్, ఈసారి మీరు పడమటి బల్లకి వెళ్లాలండీ. మొదట్నుంచీ మనకి లెక్క వాగే కదా."

"నేను కదల్లేదయ్యా. కదిలింది వాగు. పోయి దానికి చెప్పు."

లూడీ ఇల్లు ఇంకా తూర్పు గట్టునే ఉంది; అక్కను చూడ్డానికి వచ్చినామె లోపల్నుంచి అందుకుంది. "అక్క లేకపోతే నా పక్కన ఎవర్ని కూర్చోబెడతావోయ్? మీ ఆవిణ్ణా? నన్నసలు తిననిస్తుందా?"

హోసియా మాట మార్చలేదు. పడమటి గట్టున ఉండే డాయిల్ అవుట్‌లా అనే ఆయన కొట్టు దగ్గర కనబడి, "మీ కోడిపులుసు మీద ఎన్నేళ్ల నుంచో కన్నేశాం, రండి మిస్ వెర్లీన్" అన్నాడు. ఆమె నవ్వలేదు.

మర్నాడు కర్ర పట్టుకుని కొత్త వాగు వెంట నడిచింది. అది హోసియా పెరట్లోంచి పోతోంది. ఏటా తూర్పు బల్ల కోసం అతను పందిని కాల్చే గుంట మాత్రం వాగుకు పడమటి గట్టున పడింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరి ముందూ అడిగింది.

"హోసియా, లెక్క వాగేనా?"

"వాగేనండీ."

"అయితే నువ్వు ఇటు, నీ గుంట అటు. పంది ఏ బల్లది?"

"మాదే!" డాయిల్ లేచి నిలబడ్డాడు. "పాపం, పడమటి పంది!"

జనం నవ్వారు. తూర్పు గట్టువాళ్లు నవ్వలేదు, హోసియా వంక చూశారు.

"ఇంకా ఆలోచిస్తావేంటయ్యా," అంది అతని భార్య. "ఆవిడ కుర్చీ ఆవిడకి వేస్తానని చెప్పు."

"వేస్తానండీ," అన్నాడు హోసియా.

ఆగస్టు పదిన పంది తూర్పు బల్ల మీద ఉంది. వెర్లీన్ లూడీ పక్కన కూర్చుంది. డాయిల్ అవుట్‌లా పళ్లెం పట్టుకుని ఆ బల్లకు రెండుసార్లు వచ్చాడు.